అరవయ్యో వీధి తిరుగుదారి

ఉదయం తొమ్మిదింటికే మేనేజరమ్మ ఆఫీసులో వైర్ల గది గుమ్మంలో నిలబడి, లోపలికైనా రాకుండా తేల్చి చెప్పేసింది.

"సాయంత్రం నాలుగింటికి తనిఖీ ఆఫీసరు వస్తున్నారు. ఊరవతల మన చలిగదులు ఆరూ ఎంత చల్లగా ఉన్నాయో ఇక్కడ స్క్రీను మీద కనపడాలి. కనపడితే సంతోషం. కనపడకపోతే రేపట్నుంచి ఈ వైర్ల పనంతా, మొన్న టై కట్టుకుని బేరానికొచ్చాడే, ఆ టై ఆయన కంపెనీకి అప్పజెప్పేస్తాను. మీ మామయ్య గారు మాత్రం ఎన్నాళ్ళని కష్టపడతారమ్మా? ఇరవై రెండేళ్ళయింది. ఇంక విశ్రాంతి తీసుకోనివ్వు."

విశ్రాంతి అన్న మాటని ఆవిడ దూదిలో చుట్టి మరీ ఇచ్చింది గానీ, కోడలు పిల్లకి మాత్రం అది ములుకులా దిగింది.

మామయ్య ఏమీ విననట్టే కూర్చున్నాడు. ఒక కళ్ళజోడు మీద ఇంకో కళ్ళజోడు పెట్టుకుని, పై జోడు తీసి తుడిచి, కింది జోడు తీసి తుడిచి, మళ్ళీ రెండూ పెట్టుకున్నాడు. ఈ మధ్య చూపు బొత్తిగా ఆనడం లేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళమంటే, రెండు జోళ్ళున్నాయిగా, ఒక డాక్టరుతో సమానం అంటాడు.

ఆ పిల్లకి ఆయన సొంత మేనమామ, అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. చదువు కాగానే వచ్చి ఆయన దగ్గరే పనికి చేరింది. అయిదేళ్ళయింది. ఆయన ఆఫీసులో కూడా నోరారా "ఏమే కోడలా" అని పిలవడం వల్ల ఆమెకి కోడలు పిల్ల అన్న పేరు ఖాయమైపోయింది. ఆమె మామయ్యా అనడం వల్ల గేటు దగ్గర కూర్చునేవాడి నుంచి మేనేజరమ్మ దాకా అందరికీ ఆయన వైర్ల మామయ్య అయిపోయాడు. ఆ మాటకొస్తే మేనేజరమ్మ ఆయనకంటే నాలుగేళ్ళు పెద్ద.

వాళ్ళు పనిచేసేది పిల్లలకి వేసే టీకా మందులు నిలవచేసి ఆసుపత్రులకి పంపే సంస్థలో. పెద్దాఫీసు ఇక్కడ. మందులుండే చలిగదులు ఊరి అవతల, తొమ్మిది మైళ్ళ దూరంలో. అంత దూరంలో ఉన్న రెండు భవనాల కంప్యూటర్లూ ఒకే ఇంట్లో ఉన్నట్టు మాట్లాడుకోవాలంటే మధ్యలో ఒక దారి కావాలి. నలుగురూ తిరిగే ఇంటర్నెట్టు రోడ్డు కిందే, తమవాళ్ళకి తప్ప ఇంకెవరికీ లోపలేముందో కనపడకుండా తవ్వుకున్న సొరంగం లాంటిదది. వీపీఎన్ అంటారు. ఆ పేరు మామయ్యకి నచ్చదు. ఆయనకది సొరంగమే.

కంప్యూటర్ల గుంపుల్ని కూడా ఆయన వీధులనే అంటాడు. ఒక్కో గుంపుకి ఒక్కో నంబరు. పెద్దాఫీసులో పదో వీధి, అంటే బల్లల మీద కంప్యూటర్లు. ఇరవయ్యో వీధి, లెక్కలన్నీ దాచుకునే పెద్ద సర్వరు ఉండేది. చలిగదుల దగ్గర యాభయ్యో వీధి, అక్కడి సిబ్బంది కంప్యూటర్లు. చల్లదనం కొలిచే పెట్టెలు మొన్నటిదాకా ఆ యాభైలోనే ఉండేవి. వాటిని మిగతావాటితో కలిపి ఉంచకూడదు, విడిగా పెట్టాలని తనిఖీవాళ్ళు కొత్త నియమం పెట్టారు. దాంతో పోయిన వారం కోడలు పిల్ల అరవయ్యో వీధి అని కొత్తది వేసి, ఆరు పెట్టెల్నీ అందులోకి మార్చింది. మార్చిన దగ్గర్నుంచీ వాటి కబురు లేదు. స్క్రీను మీద ఆరు గదులకీ ఆరు గీతలు. అంకె అన్నది లేదు.

యాభై నుంచి ఇరవైకి రాకపోకలు బంగారంలా ఉన్నాయి. అరవై నుంచి ఇరవైకి పలుకూ లేదు, ఉలుకూ లేదు. సొరంగం ఒకటే, చేరాల్సిన చోటూ ఒకటే. పక్కపక్క వీధులవాళ్ళలో ఒకళ్ళకి జవాబొచ్చి ఇంకొకళ్ళకి ఎందుకు రాదు?

ఆమె చలిగదుల దగ్గరుండే బాబాయ్‌కి ఫోను చేసింది. ఆయన్ని అందరూ స్వెట్టరు బాబాయ్ అంటారు. ఎండలు మండిపోతున్నా ఒంటి మీద రెండు స్వెట్టర్లుంటాయి మరి.

"బాబాయ్, కొత్త పెట్టెలకి దీపాలు వెలుగుతున్నాయా?"

"నిక్షేపంగా వెలుగుతున్నాయమ్మా. నాలుగు డిగ్రీలని నా కళ్ళకి కనపడుతూనే ఉంది. నీ స్క్రీనుకే కళ్ళు పోయినట్టున్నాయి. కాగితం మీద రాసి పంపించమంటావా?"

"పంపించు బాబాయ్, పావురం కాలికి కట్టి పంపించు."

"పావురం ఈ చలికి తట్టుకోలేదమ్మా. దానికీ ఒక స్వెట్టరు అల్లాలి."

ఇంకెప్పుడైనా అయితే కోడలు పిల్ల పడీపడీ నవ్వేది. ఆ రోజు నవ్వు పెదాల దాకా వచ్చి ఆగిపోయింది. బాబాయ్ చేత అరవయ్యో వీధిలోంచి పింగ్ కొట్టించింది. పింగ్ అంటే, తలుపు తట్టి "ఎవరన్నా ఉన్నారా" అని అడగడం. నాలుగుసార్లు తట్టారు. నాలుగుసార్లూ జవాబు లేదు.

సరే, ఒక్కోటీ చూసుకుంటూ వచ్చింది. సొరంగం తెరిచే ఉందా? ఉంది. సొరంగానికి రెండు కొసలా ఎవరెవర్ని రానివ్వాలో జాబితా ఉంటుంది. అందులో అరవై ఉందా? ఈ కొసనా ఉంది, ఆ కొసనా ఉంది. కాపలా నియమాలు అడ్డుకుంటున్నాయా? లేదు. పెద్దాఫీసు రూటరుకి, అంటే వచ్చినదాన్ని ఎటు తిప్పాలో చూసే పెట్టెకి, దారి చెప్పిందా? చెప్పింది. నలభై ఎనిమిది నుంచి అరవై మూడు దాకా ఏ వీధికి పోవాలన్నా సొరంగంలోకే తిరుగు అని తన చేతులతోనే ఒక్క లైనులో రాసింది. అరవై అందులోకి వస్తుందిగా!

అన్నీ సవ్యంగానే ఉన్నాయి, పని మాత్రం జరగట్లేదు. ఏదో ఒకటి పాడైతే బాగుచేసుకోవచ్చు. అన్నీ బాగుండి జరగకపోతే ఇంక మనిషి దేన్ని పట్టుకోవాలి?

"పుస్తకం చూశావా?" అన్నాడు మామయ్య.

"పొద్దున్నించీ మూడుసార్లు చూశాను మామయ్యా."

ఆ పుస్తకం సంగతి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. నీలం అట్ట, మూరెడు పొడవు, చివర్లు పిల్లి కొరికినట్టుంటాయి. ఏ రూటరులో ఏ దారి రాసినా మామయ్య అది ఆ పుస్తకంలోకి ఎక్కిస్తాడు. వీధికో పేజీ. శాశ్వతమైన దారి సిరాతో. నాలుగు రోజులుండి పోయే దారి పెన్సిలుతో. ఆ నాలుగు రోజులూ అయ్యాక ముందు రూటరులోంచి తీసేసి, తరవాత పుస్తకంలో రబ్బరుతో తుడవాలి. ఆ వరస తప్పకూడదు. ఆమె చేరిన మొదటి రోజే అది నేర్పాడు. టై ఆయన ఆ పుస్తకాన్ని చూసి, "ఇది మ్యూజియంలో పెట్టాలి" అని ఒక చిన్న నవ్వు నవ్వి వెళ్ళాడు. నవ్వితే నవ్వనీ, ఇరవై రెండేళ్ళలో ఆ పుస్తకం తప్పు చెప్పిన రోజు లేదు. రూటరులో ఏదన్నా తేడా వస్తే వీళ్ళు రూటరుని అడగరు, పుస్తకాన్నే అడుగుతారు. రూటరు లోపల వందల లైన్లు, ఎప్పటెప్పటివో. పుస్తకమైతే ఒక్క పేజీ తిప్పితే చాలు.

కొత్త వీధికి అరవై అన్న నంబరు ఎంచుకున్నది కూడా అలాగే. అరవయ్యో పేజీ తెల్లగా, ఖాళీగా ఉంది కాబట్టి.

పన్నెండున్నరకి అమ్మ ఫోను.

"మీ మామయ్య తిన్నాడా?"

"నేను తిన్నానో లేదో అడగవా అమ్మా?"

"నువ్వు తినకపోతే నీరసపడి నువ్వే తింటావు. వాడికి ఆకలేస్తే మాటలు తగ్గిపోతాయి. ఎవరికీ చెప్పడు. పొద్దున్న కూడా మూతి ముడుచుకుని బయల్దేరాడు. ఏమయిందే?"

"ఏం లేదమ్మా. పని ఎక్కువుంది."

"ఆ గొంతేంటి?"

"ఫోను సరిగ్గా వినపడట్లేదమ్మా" అని పెట్టేసింది. మామయ్య వైపు చూస్తే, డబ్బా మూత తీసి అలాగే కూర్చున్నాడు. ముద్ద ముట్టలేదు. అమ్మ ఇంట్లో కూర్చుని, ఏ వైరూ లేకుండానే అంతా పట్టేసింది.

తిన్నామనిపించుకుని మళ్ళీ కూర్చుంది. ఈసారి ఊహలు మానేసి, వెళ్ళే ప్యాకెట్లనే దారిలో పట్టి చూద్దామనుకుంది. ప్యాకెట్టంటే ఉత్తరం లాంటిది, పైన ఎక్కణ్ణించి ఎక్కడికో రాసి ఉంటుంది. బాబాయ్‌ని ఆపకుండా తలుపు తట్టుతూ ఉండమని చెప్పి, ఉత్తరం వెంటే నడుచుకుంటూ వెళ్ళింది. చలిగది పెట్టెలోంచి బయల్దేరింది. సొరంగంలో దిగింది. పెద్దాఫీసులో తేలింది. ఇరవయ్యో వీధిలోకి వెళ్ళింది. సర్వరుకి అందింది!

ఆమె కుర్చీలో నిటారుగా కూర్చుంది. "మామయ్యా, వెళ్తోంది! వారం రోజుల్నించీ ఇక్కడిదాకా వస్తూనే ఉన్నాయి."

"సర్వరు జవాబిస్తోందా?"

"ఇస్తోంది. ఇదిగో, జవాబు రూటరు దాకా వచ్చింది." వేలు స్క్రీను మీద పెట్టి కిందికి జరిపింది. వేలు ఆగిపోయింది. "సొరంగంలోకి మాత్రం దిగట్లేదు."

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. వారం రోజులుగా ఆమె వెళ్ళే దారినే వెతికింది. ఉత్తరం వెళ్ళకపోవడం కాదు, జవాబుకి ఇల్లు తెలియకపోవడం. వెళ్ళేటప్పుడు ఎవరన్నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్తారు, తిరిగొచ్చే దారి మాత్రం అవతలివాళ్ళకి విడిగా తెలియాలి.

అప్పుడు గానీ ఆమె రూటరుని నోరు తెరిచి అడగలేదు. ఒక్క లైను ప్రశ్న. అరవయ్యో వీధికి వెళ్ళాలంటే నువ్వు ఎటు తిరుగుతావు?

రూటరు తడుముకోకుండా చెప్పింది. సొరంగం వైపు కాదు. తన వీపున వైర్లు గుచ్చే రంధ్రాల్లో ఏడోదాని వైపు.

ఏడో రంధ్రంలోంచి బూడిదరంగు వైరొకటి బయల్దేరి, గోడ పట్టుకుని పాకి, బీరువా పైకెక్కి, దుమ్ములో కూరుకుపోయిన చిన్న పెట్టెలోకి దూరింది. ఒకప్పుడు పాత గోడౌనుకి గాల్లోంచి సిగ్నలు పంపిన రేడియో పెట్టె అది. గోడౌను మూసేసి పదమూడేళ్ళయింది. డాబా మీద యాంటెన్నా ఎప్పుడో పీకేశారు. పెట్టెకి కరెంటు తియ్యడం మాత్రం ఎవరికీ తోచలేదు. పచ్చదీపం ఇంకా వెలుగుతూనే ఉంది. ఆ దీపాన్ని చూసుకుని, దారి బతికే ఉందనుకుంటోంది రూటరు. ఆమె రాసిన లైను పదహారు వీధులకి కలిపి ఒకటి. ఈ పాత లైను అచ్చంగా అరవైకే. కచ్చితంగా పేరు పెట్టి చెప్పిన మాటకే రూటరు విలువిస్తుంది. వచ్చిన ప్రతి జవాబునీ తీసుకెళ్ళి, ఆ దుమ్ముపెట్టెలో పోస్తోంది.

"కానీ పుస్తకంలో లేదే" అంది ఆమె. అంటూనే అరవయ్యో పేజీ తీసి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంది. తెల్ల కాగితం మీద నొక్కుళ్ళు కనపడ్డాయి. పెన్సిలు పోయింది, పెన్సిలు మోపిన బరువు పోలేదు. "అరవై. గోడౌను. రేడియో మీదుగా. తీసేయాలి." కింద తీసేయాల్సిన తేదీ.

ఆ తేదీ ఆమె మరిచిపోయేది కాదు. తొమ్మిదో తరగతిలో బడి మెట్ల మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్న రోజు. అందరికంటే ముందు ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చింది మామయ్య. చెప్పులు ఒకటొక రకం. పిడికిట్లో ఒక రబ్బరు. పిండికట్టు మీద బొమ్మలు గీసుకుని చెరుపుకోవడానికి తెచ్చాడేమో అనుకుంది. ఆయన పిడికిలి విప్పి చూసుకుని తనే ఆశ్చర్యపోయి, "ఉంచుకోవే" అని ఇచ్చేశాడు. అది ఇప్పటికీ ఆమె సంచిలో, చిన్న పౌచ్‌లో ఉంది. అరిగి చిక్కుడు గింజంత అయింది.

వెనక్కి తిరిగితే మామయ్య నిలబడి ఉన్నాడు. రెండు కళ్ళజోళ్ళూ చేతిలో ఉన్నాయి.

"ముందు తుడిచాను" అన్నాడు నెమ్మదిగా. "తుడిచి, తీసేద్దామని కీబోర్డు దగ్గరికి తిరిగేసరికి మీ అమ్మ ఫోను చేసింది. అంతే. తిరిగొచ్చాక పేజీ చూస్తే ఖాళీ. ఖాళీగా ఉంటే అయిపోయినట్టే కదా."

"మామయ్యా..."

"టైమెంతయింది?"

మూడూ ఇరవై. ఆమె ఆ లైను తీసేసింది. ఒక్క మాట, ఒక్క మీట. ఫోనులో బాబాయ్ కేక గది గోడలకి తగిలింది. "ఎవరో తలుపు తీశారమ్మోయ్!" స్క్రీను మీద మొదటి గీత మాయమై నాలుగు వచ్చింది. రెండో గది, నాలుగు. మూడోది, మూడున్నర. ఆరు గదులూ ఒకదాని వెనక ఒకటి పలికాయి. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. కానీ ఆ ప్రాణం వెంటే ఇంకో దిగులు కూడా వచ్చింది.

"ఏమయిందని అడిగితే బయట లైను పోయిందని చెబుతాను" అంది గొంతు తగ్గించి. "ఇంటర్నెట్టువాళ్ళ మీద పెట్టేస్తే సరి. ఎవరు చూడొచ్చారు?"

"నువ్వు చూశావుగా."

"నేను మర్చిపోతాను."

"ఎలా మర్చిపోతావే కోడలా? నేను పోయాక కూడా ఈ పుస్తకం ముందేసుకుని పని చేసేది నువ్వు. ఒక్క పేజీ అబద్ధమని తెలిశాక మిగతా పేజీలు ఏ మొహంతో నమ్ముతావు?"

"ఉద్యోగం పోతుంది మామయ్యా. ఆ టై ఆయన ముందు తలవంపులు."

"వంగితే వంగనీ. ఎలాగూ రెండు జోళ్ళ బరువుకి కొంచెం వంగే ఉంది."

అలాంటప్పుడు కూడా ఆయన నవ్వించగలడు. అదే ఆమెకి ఏడుపు తెప్పించింది.

నాలుగింటికి తనిఖీ ఆఫీసరు వచ్చాడు. ఆరు అంకెలూ చూశాడు. ఫోనులో చెప్పి ఒక గది తలుపు తీయించి అంకె పెరుగుతుందో లేదో చూస్తానన్నాడు. బాబాయ్ తీశాడు, అంకె కదిలింది. మూయించాడు, దిగింది. సంతకం పెట్టి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. వారం రోజుల యాతన, ఆయనకి పది నిమిషాల పని.

మేనేజరమ్మ మాత్రం వెళ్ళలేదు. ఈసారి గది లోపలికి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుంది. "ఇంతకీ ఏమయిందమ్మా?"

కోడలు పిల్ల నోరు తెరిచింది. "అదీ... బయట..." అని ఆగిపోయింది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చి అక్కడే కూలబడింది.

మామయ్య పుస్తకం తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. అరవయ్యో పేజీలో అప్పటికే సిరాతో రాసేశాడు. ఆయన రాత ఈమధ్య పెద్దదైంది, పక్క పేజీలోకి పాకింది. "రూటరులో తీయకుండా పుస్తకంలో తుడిచేశాను. పదమూడేళ్ళు ఎవరికీ తెలియలేదు. వారం రోజులు చలిగదుల కబురు ఆగింది. తప్పు నాది." కింద సంతకం, ఈనాటి తేదీ.

ఆవిడ చదివింది. వెనక్కి నాలుగు పేజీలు, ముందుకి నాలుగు పేజీలు తిప్పింది.

"ఇలాంటివి ఇంకా ఉన్నాయా?"

"ఉండొచ్చండి. లేవని చెప్పలేను. ఇప్పటిదాకా వెతకలేదు."

ఆవిడ మళ్ళీ అరవయ్యో పేజీకి తిరిగొచ్చి, ఆ సిరా రాత మీద వేలు పెట్టింది.

"ఇదే ప్రశ్న ఆ టై ఆయన్నీ అడిగాను" అంది మేనేజరమ్మ చివరికి. "మా పనిలో తప్పులే ఉండవండీ అన్నాడు. వినడానికి బాగానే ఉంది. ఇంటికెళ్ళాక నాకు నిద్రపట్టలేదు." పుస్తకం మూసింది. మూసి, మామయ్యకి కాకుండా కోడలు పిల్ల చేతిలో పెట్టింది. "నెల రోజులు టైమిస్తాను. రూటరులో ఉన్న ప్రతి లైనూ, పుస్తకంలో ఉన్న ప్రతి లైనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇవాళ్టి నుంచి రాసేది మీ కోడలు. మీరు పక్కన కూర్చుని సరిచూస్తారు. ఒక్కళ్ళ చూపు చాలదు. ఆ కళ్ళు కూడా చూపించుకోండి మామయ్యగారూ, ఆ రెండంతస్తుల కళ్ళజోడు చూళ్ళేక చస్తున్నాను."

ఆవిడ వెళ్ళాక మామయ్య ఆ నీలం అట్ట వైపే చూశాడు. ఇరవై రెండేళ్ళు తన చేతిలో ఉన్న పుస్తకం ఇంకొకరి ఒళ్ళో చూడటం తేలికేం కాదు. పనీ మిగిలింది, పరువూ మిగిలింది. చెయ్యి మాత్రం ఖాళీ అయింది. చివరికి జేబులోంచి పెన్సిలు తీసి ఆమె ముందుకి జరిపాడు.

ఆమె బీరువా పక్కన స్టూలేసి ఎక్కి, ఆ రేడియో పెట్టె ప్లగ్గు మీద చెయ్యి వేసింది.

"ఆగు" అన్నాడు. "రూటరుని అడిగావా? ఆ ఏడో రంధ్రంలోంచి ఇంకెవరూ వెళ్ళట్లేదుగా?"

"అడిగాను మామయ్యా."

"మళ్ళీ అడుగు."

దిగి, మళ్ళీ అడిగి, మళ్ళీ ఎక్కి, ప్లగ్గు పీకింది. పదమూడేళ్ళ పచ్చదీపం ఆరిపోయింది. ఇంక ఇంటికి పోవచ్చు, అయిదున్నరయింది. కానీ ఇద్దరికీ లేవబుద్ధి కాలేదు. మొదటి పేజీ తీసి, కొంచెం చూసి పోదామనుకున్నారు. ఆమె రూటరులోంచి చదువుతుంటే, ఆయన పుస్తకంలో వేలు పెట్టి వెతుకుతున్నాడు.

"పదో వీధి."

"ఉంది. సిరా."

"పదకొండో వీధి."

"ఉంది. సిరా."

"పద్నాలుగో వీధి."

మామయ్య పేజీ తిప్పాడు. వేలు ఆగింది. పేజీని కిటికీ వైపు ఏటవాలుగా పట్టుకుని, పై జోడు నుదుటి మీదికి జరిపి, కళ్ళు చిట్లించాడు.

"ఖాళీ" అన్నాడు. మళ్ళీ చూశాడు. "ఖాళీ కాదు. తుడిచాను. తేదీ ఉంది చూడు."

ఆమె తల వంచి చూసింది. చూసి, చేత్తో నోరు మూసుకుంది. "మామయ్యా, ఇది నా పదో తరగతి ఫలితాలొచ్చిన రోజు!"

"అవునా?" ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. పొద్దున్నించీ మొదటిసారి మొహం విప్పారింది. "నువ్వు నాకు ఇంకెన్ని తప్పులు తెచ్చిపెట్టావే కోడలా? రాసుకో, రాసుకో. ముందు రూటరులో తియ్యి. ఆ తరవాతే పుస్తకం."